నాకు తెలుసనుకున్న జబ్బు

నాకో పాత బలహీనత ఉంది. ఎవరైనా "ఒంట్లో బాగోలేదు" అంటే చాలు, వాళ్ళ మాట పూర్తయ్యేలోపే నా నోట్లోంచి మందు పేరు ఊడిపడుతుంది. జ్వరమంటే ఒకటి, విరేచనాలంటే ఒకటి, నడుం నొప్పంటే రెండు. ఇది నా ఒక్కడికే ఉన్న జబ్బు కాదని నాకు తెలుసు. మన ఇళ్ళలో ఫ్రిజ్ మీదో, గూట్లోనో ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంటుంది. సగం వాడిన మాత్రల స్ట్రిప్పులు, ఎప్పుడో ఎవరికో రాసిన పూతమందుల ట్యూబులు, తేదీ చెరిగిపోయిన చెవిచుక్కల సీసా అందులో ఉంటాయి. ఆ డబ్బా మీద పెత్తనం చేసే మనిషి ఇంటికొకరు ఉంటారు. మా ఇంట్లో ఆ పెత్తనం నాది.

మా నాన్న 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేస్తున్నప్పుడు విజయనగరం వైపు నుంచి ఈ బస్తర్ అడవుల్లోకి వచ్చాడు. నేను బైలాడిల్లా ఇనుప గనుల్లో పనిచేసి, రిటైరయ్యాక జగదల్‌పూర్‌లో ఇల్లు కట్టుకున్నాను. ఉద్యోగంలో ఉండగా ప్రథమ చికిత్స శిక్షణ ఇచ్చారు. గాయానికి కట్టు కట్టడం, ఎముక విరిగితే బద్ద వేయడం, పాము కరిచినవాడిని కదలకుండా పడుకోబెట్టడం నేర్పారు. ఆ సర్టిఫికెట్టు ఇప్పటికీ మా ముందు గది గోడకి ఉంది. దాన్ని నేను ఎంబీబీఎస్ పట్టా కింద లెక్కేసుకున్నాను. చుట్టుపక్కల తెలుగువాళ్ళు "అన్నయ్యగారికి ఓసారి చూపిద్దాం" అంటుంటే నాకు లోపల ఎంత హాయిగా ఉండేదో మీ దగ్గర దాచను. ఆ మాట మళ్ళీ వినాలని కూడా చాలాసార్లు మందు చెప్పాను.

అసలు విషయానికి వస్తాను. మా అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగస్థులు. వాళ్ళ బాబుకి అప్పుడు ఆరేళ్ళు. బడి మా ఇంటికి దగ్గర కాబట్టి వారమంతా మా దగ్గరే ఉండేవాడు. ఒకరోజు మా ఆవిడ వాడి తలకి నూనె రాస్తూ రాస్తూ ఆగి నన్ను కేకేసింది. ఎడమ చెవి పైన రూపాయి బిళ్ళంత మేర జుట్టు లేదు.

"ఇదేటండీ, గుంటడికి ఇక్కడ జుట్టు పోయింది?"

కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. నిలబడే చూశాను. "పేనుకొరుకుడు" అన్నాను.

"పేనుకొరుకుడైతే నున్నగా ఉంటాది కదండీ. మా తమ్ముడికి చిన్నప్పుడు వచ్చింది, నేను చూశాను. వీడికి పొట్టు రేగుతోంది. రాత్రిళ్ళు గోక్కుంటున్నాడు కూడాను. తామరేమో?"

"తలలో తామరేటి, ఎవరైనా వింటే నవ్వుతారు" అని కొట్టిపారేశాను.

ఆవిడ ఎనిమిదో తరగతి చదివింది. ఏ సర్టిఫికెట్టూ లేదు. నూనె చేతితో, మసక వెలుతురులో, ఆ ఒక్క నిమిషంలో ఆవిడ చెప్పినదే సరైన రోగనిర్ణయం. ఆ రోజు నేను ఆ మాట వినుంటే ఇక్కడ రాయడానికి నాకేమీ ఉండేది కాదు, పిల్లాడికి అంత నొప్పీ ఉండేది కాదు.

ఆవిడ చూసిన తేడా చిన్నది కాదు. పేనుకొరుకుడులో ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున వెంట్రుకల కుదుళ్ళ మీద దాడి చేస్తుంది. దానికీ పేలకీ సంబంధం లేదు, అది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. అక్కడి చర్మం నున్నగా, శుభ్రంగా ఉంటుంది. అంచుల్లో వెంట్రుకలు మొదళ్ళ దగ్గర సన్నబడి, పైకి లావుగా కనిపిస్తాయి. తామర సంగతి వేరు. అది ఫంగస్. వెంట్రుకల్లో, గోళ్ళలో, చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే పదార్థమే దాని తిండి. తలలో చేరితే పొట్టు లేస్తుంది, దురద పుడుతుంది, వెంట్రుకలు రాలడానికి బదులు విరుగుతాయి. కొన్ని రకాల్లో చర్మానికి కాస్త పైన విరిగి బూడిదరంగు మచ్చగా కనిపిస్తాయి. కొన్నిటిలో చర్మం మట్టానికే విరిగి, ఆ మొదళ్ళు నల్ల చుక్కలుగా మిగిలిపోతాయి. మా వాడి తలలో ఆ నల్ల చుక్కలు ఉన్నాయి. నేనే వాటిని వేలితో రుద్ది, మట్టి అనుకుని తడిగుడ్డతో తుడిచాను.

ఇది ముఖ్యంగా పిల్లల జబ్బు. యుక్తవయసు వచ్చాక తలలో నూనె గ్రంథులు చురుకవుతాయి. ఆ జిడ్డులోని కొవ్వు ఆమ్లాలు ఫంగస్‌ని పెరగనివ్వవు. అందుకే పెద్దవాళ్ళ తలలో ఇది అరుదు, మనకి అనుభవంలోకి రాదు. అనుభవంలో లేనిది లేనే లేదనుకోవడం నాబోటి పెద్దమనుషులకి అలవాటు.

నా వైద్యం వెల్లుల్లితో మొదలైంది. రెబ్బ కోసి మచ్చ మీద రుద్దడం మన ఇళ్ళలో తరాలుగా ఉంది, మీరూ చూసే ఉంటారు. పిల్లాడు మంటకి గెంతులేస్తే "మంట పుడితేనే మందు పనిచేస్తున్నట్టు" అని సర్దిచెప్పాను. తర్వాత ఎవరో గురివింద గింజ అరగదీసి పెట్టమన్నారు. గింజలు తెప్పించి సానమీద నీళ్ళు కూడా చిలకరించాను. మా ఆవిడ వచ్చి వాటిని ఏరి పెంటకుప్పలో పారేసింది. గురివిందలో అబ్రిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. నమిలి మింగితే ఒక్క గింజ చిన్న పిల్లల ప్రాణం తీయగలదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు తిరుగుతుండగా గుప్పెడు గింజలు గట్టు మీద పెట్టుకుని కూర్చున్న మనిషిని నేను.

ఇద్దరు పిల్లలని ఎందుకన్నానంటే, మా అబ్బాయి కూతురు కూడా అప్పుడు మాతోనే ఉండేది. ఎనిమిదేళ్ళ పిల్ల. దాని సంగతి తర్వాత చెబుతాను, అది ఇంకా చెప్పుకోలేని సంగతి.

వెల్లుల్లి పనిచేయకపోయేసరికి మందుల షాపుకెళ్ళాను. "పిల్లాడికి తలలో దురద, మచ్చ" అన్నాను. ట్యూబు ఇచ్చారు. దాని మీద క్లోబెటాసాల్, నియోమైసిన్, మైకోనజోల్ అని మూడు పేర్లున్నాయి. మూడు మందులు ఒకేదాంట్లో దొరికాయని సంబరపడ్డాను. అందులో మొదటిది చాలా బలమైన స్టెరాయిడ్. డాక్టరు చీటీ అడగలేదని షాపువాళ్ళని తప్పుపట్టే అర్హత నాకు లేదు. అడిగుంటే నేనే కోప్పడేవాణ్ణి.

రాసిన రెండు మూడు రోజులకే దురద తగ్గింది, ఎరుపు తగ్గింది, పొట్టు మాయమైంది. ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరం! సాయంత్రం పార్కులో చెప్పాను, గుడి దగ్గర చెప్పాను, వియ్యంకుడికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ ట్యూబు పేరు కాగితాల మీద రాసి పంచాను. వాటిలో ఎన్ని ఎవరి ఇంట్లో ఎవరి చర్మం మీద పనిచేశాయో తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

స్టెరాయిడ్ చేసే పని ఏమిటో తర్వాత తెలిసింది. ఫంగస్ వచ్చిందని గుర్తుపట్టి శరీరం చేసే పోరాటమే ఆ ఎరుపు, ఆ దురద. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది. పైకి నయమైనట్టు కనిపిస్తుంది, లోపల ఫంగస్‌కి అడ్డులేకుండా పోతుంది. దేశమంతటా ఈ కలగలుపు ట్యూబుల వల్ల తామర మొండికేసి, ఆనవాలు పట్టలేనంతగా రూపు మార్చుకుంటోందని చర్మవైద్యులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది. జాబితా వచ్చింది. నా వంటివాడు కౌంటరు దగ్గర నిలబడి దబాయిస్తుంటే జాబితా ఏం చేస్తుంది?

ట్యూబు అయిపోగానే మచ్చ తిరగబెట్టింది. రూపాయి బిళ్ళంత ఉన్నది అరచేతంత అయింది. ఇంకో ట్యూబు తెచ్చాను. చుట్టూ చీముపొక్కులు లేచాయి. ఒకరోజు పొద్దున్న లేచేసరికి చెవిపైన వాపు, నొక్కితే మెత్తగా దిగబడుతోంది, వెంట్రుకల మొదళ్ళలోంచి చీము ఊరుతోంది, మెడ వెనక బిళ్ళలు కట్టాయి, ఒళ్ళు కాలిపోతోంది. "సెగ్గడ్డ" అన్నాను. మూడోసారి కూడా నేనే అన్నాను! మా అమ్మాయి ఫోన్లో "నాన్నా, పెద్ద డాక్టరుకి చూపించు" అని ఏడుస్తోంది, నేను "అక్కర్లేదమ్మా, కోసి చీము తీస్తే సాయంత్రానికి లేచి ఆడుకుంటాడు" అంటున్నాను, అంటూనే బండి తీశాను, వాడిని ముందు కూర్చోబెట్టుకున్నాను, తెలిసిన ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను, ఆయన తటపటాయిస్తుంటే నేనే తొందరపెట్టాను, నేనే వాడి రెండు చేతులూ పట్టుకున్నాను. కత్తి పెట్టారు. చీము చెంచాడు కూడా రాలేదు. రక్తం వచ్చింది. వాడు "తాతయ్యా, వద్దని చెప్పు, తాతయ్యా" అని నన్నే పిలిచాడు. ఆ పట్టుకున్న చేతులు ఎవరివో తెలియక నన్ను సాయం పిలిచాడు.

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాస్తే తప్ప మీకు ఉపయోగం లేదనిపించింది.

ఆ వాపుకి కేరియాన్ అని పేరు. తలలోని ఫంగస్ మీద శరీరం ఒక్కసారిగా విరుచుకుపడితే వచ్చే వాపు అది. చూడటానికి అచ్చం గడ్డే. కానీ లోపల కోసి తీయాల్సిన చీముగుంట ఉండదు. కోస్తే నొప్పి, మచ్చ తప్ప ఒరిగేదేమీ లేదు. కేరియాన్ దానంతటదే కూడా కుదుళ్ళని కాల్చేసి శాశ్వతంగా జుట్టు లేకుండా చేయగలదు, అందుకే త్వరగా గుర్తుపట్టాలి. మా వాడికి ఈనాటికీ కత్తి గీత వెంబడి జుట్టు రాలేదు. పక్క జుట్టు దువ్వి కప్పుతాం.

చివరికి మా ఆవిడే ఆటో పిలిచింది. నన్ను అడగలేదు. ఊరి బయట డిమ్రాపాల్‌లో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. అక్కడ చర్మవ్యాధుల ఓపీలో కూర్చున్న డాక్టరమ్మకి మా అమ్మాయి వయసు కూడా ఉండదు. "దాదాజీ, ఇప్పటిదాకా ఏమేం రాశారు?" అని హిందీలో అడిగింది. సంచిలోంచి ట్యూబులు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె ఒక్కొక్కటీ తిప్పి చదివి పక్కన పెట్టింది. ఒక్క మాట అనలేదు. అనుంటే తేలికపడేవాణ్ణి.

ఆమె చేసిన పనులు వరసగా నాకు గుర్తున్నాయి, ఎందుకంటే వాటిలో ఒక్కటీ నేను చేయలేదు. ముందు కూర్చుని చూసింది. చెవుల వెనకా మెడ వెనకా బిళ్ళల కోసం తడిమింది. జుట్టు పాయలు పాయలుగా విడదీసి, మచ్చ లేనిచోట కూడా చూసింది. వెలుగుతున్న భూతద్దం పెట్టి అంచులు వెతికింది, కామా ఆకారంలో వంగిన పొట్టి వెంట్రుకలు కనిపించాయని చెప్పింది. తర్వాత గది చీకటి చేసి ఊదా వెలుగు చిమ్మే దీపం తల మీద పట్టింది. వుడ్ దీపం అంటారట దాన్ని, అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ పేరు మీద. తలలో ఏదీ మెరవలేదు. "అయితే ఫంగస్ కాదన్నమాట" అని నా నోరు ఊరుకోలేదు. ఆమె ఓపిగ్గా చెప్పింది. కుక్కల నుంచీ పిల్లుల నుంచీ వచ్చే మైక్రోస్పోరం రకం ఆ వెలుగులో పచ్చగా మెరుస్తుంది. మన దేశంలో పిల్లల తలల్లో ఎక్కువగా కనిపించే ట్రైకోఫైటాన్ వయొలేసియం మెరవదు. అది మనిషి నుంచి మనిషికి వస్తుంది, వెంట్రుక లోపల దాక్కుంటుంది. మెరవనంత మాత్రాన లేనట్టు కాదు.

మొద్దుబారిన బ్లేడుతో పొట్టు గీకి, చిమటాతో రెండు మూడు నల్ల చుక్కలు పీకి అద్దం పలక మీద వేసింది. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేసి, పైన పల్చటి గాజు బిళ్ళ కప్పి కాసేపు ఉంచింది. ఆ ద్రావణం చర్మపు పొట్టునీ వెంట్రుకనీ కరిగించి తేటపరుస్తుంది, ఫంగస్ మాత్రం మిగులుతుంది. మైక్రోస్కోపులో తను చూసుకున్నాక, "ఆయియే దాదాజీ" అని నన్ను పిలిచింది. కన్ను ఆనించాను. మసకగా ఒక గొట్టం. ఆమె మర తిప్పింది. గొట్టం తేటపడింది. అది మా వాడి వెంట్రుక. అందులో గుండ్రటి బీజాలు పెసరకాయలో గింజల్లా వరసగా, సందు లేకుండా కూరి ఉన్నాయి. వెంట్రుక లోపల వెంట్రుక మిగల్లేదు. నేను నెలల తరబడి పైన పూసిన మందుల్లో ఒక్క బొట్టు కూడా ఆ గొట్టంలోకి దిగి ఉండదని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

తలలో తామరకి పూతమందు సరిపోదనడానికి కారణం అదే. ఫంగస్ కుదురు లోతుదాకా దిగుతుంది. మందు రక్తంలోంచి వెళ్ళి, కొత్తగా పుట్టే వెంట్రుకలోకి చేరాలి. అంటే మాత్ర మింగాల్సిందే. పీకిన మరికొన్ని మొదళ్ళని కల్చర్ ట్యూబులో వేసి, ఏ రకమో తేలడానికి నాలుగు వారాలు కూడా పట్టవచ్చని, అప్పటిదాకా వైద్యం ఆపక్కర్లేదని చెప్పింది. బాబుని తూకం వేసి గ్రిసియోఫల్విన్ రాసింది. కిలో బరువుకి రోజుకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్క. ఆరు నుంచి ఎనిమిది వారాలు, అవసరమైతే ఇంకా. అది ఫంగస్‌ని పెరగకుండా ఆపుతుంది, జబ్బు వెంట్రుక పెరిగి బయటికి పోయేదాకా వాడాలి, కాబట్టి దురద పోయిందని ఆపితే తిరగబెడుతుంది. కొవ్వున్న తిండితో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది, అన్నం తిన్నాక గ్లాసుడు చిక్కటి పాలతో ఇమ్మంది. పాలంటే వాడికి ప్రాణం. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అయింది. ఇంకో మందు టెర్బినాఫిన్ ఉంది, ట్రైకోఫైటాన్ రకాల మీద అది తక్కువ వారాల్లోనే బాగా పనిచేస్తుంది. మైక్రోస్పోరం అయితే గ్రిసియోఫల్విన్‌దే పైచేయి. ఏది ఎవరికన్నది డాక్టరు చూసి చెప్పాలి.

"గుండు కొట్టించేస్తే?" అని అడిగాను. అక్కర్లేదంది. పైగా మంగలి కత్తి, క్లిప్పర్ ఒక తల నుంచి ఇంకో తలకి దీన్ని మోయగలవు. కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు పెట్టమంది. అది జబ్బుని నయం చేయదు, బీజాలు రాలి మరొకరికి అంటకుండా చూస్తుంది. బడి మానిపించొద్దంది. నేను అప్పటికే మానిపించాను, వీధిలో పిల్లలతో కలవనివ్వలేదు. మందు మొదలయ్యాక బడికి పంపవచ్చట. వాడికి జబ్బుకన్నా ఆ ఒంటరితనమే ఎక్కువ బాధ పెట్టిందని మర్నాడు సంచి తగిలించుకుని పరిగెత్తినప్పుడు తెలిసింది.

ఆఖర్న ఆమె అడిగింది: "ఇంట్లో ఇంకెవరైనా పిల్లలున్నారా? దువ్వెనలెన్ని?"

దువ్వెన ఒకటే. ఇంటిల్లిపాదికీ ఒకటే, అద్దం పక్కన మేకుకి. మనవరాలిని మర్నాడే తీసుకెళ్ళాం. దానికి ఎప్పట్నుంచో తలలో పొట్టు. చుండ్రు అని చెప్పి నిమ్మరసం రాయించింది నేనే. జడలో జుట్టు పల్చబడటం మా ఆవిడ చెబితే "ఎదిగే పిల్ల, ఊడుతుంది" అన్నదీ నేనే. స్లైడు మీద దాని వెంట్రుకలోనూ అవే గింజలు. బహుశా దాని నుంచే వీడికి వచ్చి ఉంటుంది. ఆ వయసు పిల్లల్లో పొట్టు లేస్తూ జుట్టు విరుగుతోందంటే చుండ్రు అనే ముందు తామర కాదని తేల్చుకోవాలట. నేను చుండ్రు అన్న రోజునే ఎవరికైనా చూపించి ఉంటే వీడిదాకా వచ్చేదే కాదు. పెద్దవాళ్ళం మేమూ తలలు చూపించుకున్నాం, ఏ లక్షణమూ లేకుండా మోస్తున్నవాళ్ళు కూడా ఇంట్లో ఉండొచ్చని. మనిషికో దువ్వెన, మనిషికో తువ్వాలు, దిండు గలీబులు వేడినీళ్ళలో ఉడకబెట్టడం మొదలైంది.

మాత్రలు మొదలెట్టిన కొద్ది రోజులకి వాడి చెవి అంచుల మీద, ఛాతీ మీద సన్నటి పొక్కులు లేచాయి. మందు పడలేదనుకున్నాను. ఆపేద్దామని చెయ్యి డబ్బా మీదికి పోయింది కూడా. మా ఆవిడ చూసింది. నేను బండి తీశాను. డాక్టరమ్మ చూసి, ఇది మందు వికటించడం కాదని, చచ్చే ఫంగస్ మీద ఒంటి ప్రతిస్పందన అని, ఇలాంటప్పుడే చాలామంది మందు ఆపేస్తారని చెప్పింది. కల్చర్ ట్యూబులో ఊదారంగు తిరిగిన ముడతల బూజు పెరిగింది. వయొలేసియమే.

తర్వాత నేను దీని గురించి కొంత చదివాను. చదివి భయపడ్డాను. గ్రిసియోఫల్విన్‌ని 1939లోనే ఒక పెన్సిలియం బూజు నుంచి వేరుచేశారు, కానీ నోటిద్వారా ఇస్తే తామర తగ్గుతుందని తేలింది 1958లో. అంతకుముందు మాత్రే లేదు. పిల్లల తలల మీద ఎక్స్‌రేలు కొట్టి జుట్టంతా రాలగొట్టేవాళ్ళు. పారిస్‌లో సబురో అనే గొప్ప వైద్యుడు 20వ శతాబ్దం మొదట్లో ఆ పద్ధతిని స్థిరపరిచాడు, దేశదేశాల్లో పాటించారు. ఇజ్రాయెల్‌లో 1940ల చివరి నుంచి ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియాల నుంచి వలస వచ్చిన వేలమంది పిల్లలకి ఇలాగే చేశారు. వాళ్ళలో మెదడు కణుతులు, థైరాయిడ్ క్యాన్సర్ ఎక్కువగా వస్తున్నాయని బారుఖ్ మోదాన్ అనే వైద్యుడు 1974లో చూపించాడు. 1994లో ఆ దేశం వాళ్ళకి పరిహారం ఇవ్వడానికి చట్టం చేసింది. వాళ్ళకి మాత్ర లేక ఆ గతి పట్టింది. నా మనవడికి మాత్ర ఉంది, ఆటో దూరంలో ఆసుపత్రి ఉంది, పక్కనే సరిగ్గా చెప్పిన అమ్మమ్మ ఉంది.

బస్తర్‌లో అందరికీ ఆటో దూరంలో లేదు. సుక్మా, బీజాపూర్, దంతేవాడ వైపు పోటా క్యాబిన్లని పిలిచే వసతి బడులున్నాయి, ఆశ్రమ పాఠశాలలున్నాయి. వందల మంది పిల్లలు ఒకే కప్పు కింద, పక్కపక్క పరుపుల మీద పడుకుంటారు. ఒకే దువ్వెన ఎన్ని తలలు తిరుగుతుందో మీరే ఊహించుకోండి. వారపు సంతలో ఉప్పు, ఎండుచేపల పక్కనే నా మూడు మందుల ట్యూబు కూడా దొరుకుతుంది. ఇళ్ళలో ఇప్పగింజల నూనె రాస్తారు, సిర్హా అనే మంత్రవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. వాళ్ళని ఏమీ అనలేను, వాళ్ళకి దగ్గర్లో ఉన్నది అదే. ఈ రాష్ట్రంలో 2002 నుంచి ఊరూరా మితానిన్ అనే ఆరోగ్య కార్యకర్తలున్నారు. 2019 అక్టోబరు 2న సంతల్లోనే వైద్యం చేసే హాట్ బజార్ క్లినిక్ పథకం మొదలైంది. పొట్టుతో, విరిగిన జుట్టుతో మచ్చ కనిపిస్తే ట్యూబు కొనకుండా పిల్లని తీసుకొచ్చి చూపించండని ఆ సంతలోనే ఎవరో ఒకరు చెబితే చాలు. ఎనిమిది వారాల మాత్రలు అందించడం, మధ్యలో ఆపకుండా చూడటం అసలు కష్టం. సెలవులకి పిల్లలు ఊళ్ళకి వెళ్ళిపోతారు, మాత్రలు హాస్టల్ అలమరలో ఉండిపోతాయి. అక్కడ ప్రభుత్వం పట్టించుకోవాలి, గట్టిగా పట్టించుకోవాలి.

మొన్నీమధ్య మా వెనక వీధిలో ఉండే కోంటా వైపు అమ్మాయి వచ్చింది. "బాబాయ్, మా పాపకి కూడా మీ మనవడికి వచ్చినట్టే మచ్చ వచ్చింది. మాత్రలు మిగిలుంటే ఇస్తావా, డబ్బులిచ్చేస్తాను" అంది. మాత్రలు మిగిలున్నాయి. మనవరాలికి రాసినవాటిలో ఒక స్ట్రిప్పు డబ్బాలో ఉంది. ఇవ్వనన్నాను. "ఊరందరికీ చెబుతావు, నాకే చెప్పవా?" అని మొహం మాడ్చుకుంది. రేపు పొద్దున్న నేనే తీసుకెళ్తానన్నాను. నమ్మకం లేకుండానే తలూపింది. మీకు నిజం చెప్పాలి, నేను కూడా లోపల్లోపల తామరే అనుకున్నాను.

ఓపీలో డాక్టరమ్మ పాప తల విడదీసింది. మచ్చ అద్దంలో మొహం కనిపించేంత నున్నగా ఉంది. పొట్టు లేదు, నల్ల చుక్కల్లేవు, మెడ వెనక బిళ్ళల్లేవు. అయినా స్లైడు వేసి చూసింది. ఖాళీ. అది అసలైన పేనుకొరుకుడు. గ్రిసియోఫల్విన్ దానికి ఎందుకూ పనికిరాదు. పిల్లల్లో చిన్న మచ్చ చాలాసార్లు దానంతటదే నిండుతుందని, ఇంకో మచ్చ వస్తే వెంటనే రమ్మని చెప్పి, దానికి వేరే మందు రాసి పంపింది.